ఏ ఊరి దర్వాజో రాసి పెడదాం
(ఒక పల్లె గ్రంథాలయంల చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నేను పాత దర్వాజ ముచ్చట చెప్పొచ్చిన. ఊర్లల్ల బవంతి ఇండ్లు కూలగొట్టి స్లాబు ఇండ్లు కట్టుకుంటున్నం. అండ్ల తప్పేం లేదు. కానీ దూలాలు, వాసాలతోటి దర్వాజ కూడా పాత కట్టె లెక్కల పోతున్నది. కొనేటోడు 'చెదలు పట్టింది' అని ధర కొట్టేస్తడు, నాలుగు పైసలు చేతుల పెట్టి ట్రాక్టరెక్కిస్తడు. పట్నం షోరూముకు చేరినంక దాని పేరు 'యాంటిక్'!

ఒకపారి దాన్ని తేరిపార చూడుండ్రి. మీది కమ్మి మీద గజలక్ష్మి, అటూ ఇటూ ఏనుగులు. నిలువు కమ్ముల మీద తీగెలు, చిలుకలు. టేకు కట్టె మీద వడ్లాయన ఉలితోటి చెక్కిన పనితనమది. చాన పాత తలుపులకు ఇనుప బందులు ఉండవు. చెక్కకే మీదా కిందా కొనలు ఉంచి, గుంటల్ల తిరిగేటట్టు అమర్చిండు. దర్వాజ ఎత్తిన నాడు ఆయనకు కొత్త బట్టలు పెట్టినం. పేరు మాత్రం ఎక్కడా రాసుకోలే.

చట్టం లేక కాదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏండ్లు నిండిన చెక్కడపు పని పురావస్తువే. ఇంటి నుంచి ఊడదీసిందైనా అంతే. వాటితోటి వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలె. కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఎవరూ దేశం దాటించొద్దు. కానీ దర్వాజ వయసు చెప్పే కాగితం మన దగ్గర లేకుంటే ఏ చట్టం ఏం జేస్తది?

పుణెల దినకర్ కేల్కర్ అనే ఆయన దీపాలు, అడకత్తెరలు, వంటపాత్రలు, చెక్కిన తలుపులు జమజేసిండు. చచ్చిపోయిన కొడుకు రాజా పేరు మీద మ్యూజియం నిలబెట్టిండు. ఇండ్లల్ల రోజూ వాడిన సామాన్లే అవి. సోయి ఉన్న ఒక్క మనిషి అంత పని చేసిండు.

అక్కెరకు అమ్ముకునేటోళ్లను నేను తప్పు పట్ట. బిడ్డ పెండ్లికో, దవాఖాన ఖర్చుకో అమ్ముకుంటరు. అమ్మే ముందు మాత్రం సెల్లుల ఫోటో తియ్యుండ్రి. ఊరి పేరు, ఇంటి పేరు, పొడుగు వెడల్పు, తెలిస్తే చెక్కినాయన పేరు, ఎత్తిన ఏడు ఒక నోటుబుక్కుల రాసి ఈ గ్రంథాలయంల పెట్టుండ్రి. చెక్కినోళ్ల పేర్లు యాదికున్న ముసలోళ్లు ఇంకా ఉన్నరు. ముందుగాల వాళ్లను అడుగుండ్రి.

ఊరి పేరు రాయని దర్వాజను రేపు ఎవలైనా మాదే అంటరు. కాదని చెప్పనీకి మన దగ్గర ఒక్క కాగితమన్న ఉండాలె. సెలవు.