నిలుచు వెన్ను, నడచు వెన్ను
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



మానవుని మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5 పూసలు కలవు. ప్రక్కనుండి చూచినచో ఆరోగ్యవంతుని వెన్ను నిట్రాటవలె ఉండదు; మెడయొద్దను నడుమునొద్దను లోనికి వంగి, వీపునొద్ద వెలికి ఉబికి యుండును. వెనుకనుండి చూచినపుడు మాత్రము తిన్నగా కన్పట్టవలెను. అట్లుగాక 10 డిగ్రీలు, అంతకు మించి ప్రక్కకు వంగి మెలిదిరిగినచో వైద్యులు దానిని స్కోలియోసిస్ అందురు.

అమెరికాలోని హ్యూస్టన్ నగరమున పాల్ హారింగ్టన్ అను వైద్యుడు పోలియో సోకిన పిల్లల వెన్నులకు లోహపు కడ్డీని అమర్చి వంపు సవరించు విధానమును రూపొందించి, 1962లో ప్రకటించెను. అది గొప్ప ముందడుగు. కాని కడ్డీ నడుము దిగువవరకు సాగినచోట, ప్రక్కవంపుతోపాటు నడుమునకు సహజమైన లోవంపుకూడ పోయెను. ఏండ్లు గడచిన పిదప అట్టివారిలో కొందరు ముందునకు ఒరిగి, మోకాళ్ళు వంచనిదే నిటారుగా నిలువలేకపోయిరి. చిత్రమున వెన్ను చక్కబడెను; మనుష్యునికి నడక కష్టమయ్యెను.

ఎక్స్‌రే ఒక్క క్షణమునకే సాక్షి. రోగి ఆ క్షణమున బిగబట్టి చక్కగా నిలువగలడు. కొంతసేపు నడచినచో వీపు కండరములు అలసి మొండెము ముందునకు వాలును. ఈ దాగిన వాలును కనిపెట్టుటకై ఇటీవల పరిశోధకులు సెన్సారులనెడు చిన్న చలనమాపకములను వాడుచున్నారు. అందలి ఒక భాగము, తాపీమేస్త్రి దారమున వ్రేలవేయు గుండువలె, భూమ్యాకర్షణ దిక్కును తెలుపును. మరియొకటి తిరుగు వేగమును కొలుచును. కదలికలో మొదటిది తడబడును. రెండవదానియందు చిన్న తప్పులు ప్రోగుపడును. కావున రెండింటిని కలిపి లెక్కింతురు. ఒక సెన్సారును వీపు పైభాగమునను, వేరొకదానిని నడుము క్రిందను అంటించినచో, వాని వాలులకు గల భేదమునుబట్టి మొండెపు వంపు తెలియును. నడకలో, కూర్చుండుటలో, వంగుటలో అది మారు తీరు నమోదగును.

కదలికను సాక్షిగా పిలుచుట క్రొత్త కాదు. 1973లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు స్టాన్యారా, ఆయన సహచరులు, శస్త్రచికిత్స నడుమ మత్తు తగ్గించి, పాదములు కదల్చుమని రోగినడుగు పరీక్షను ప్రకటించిరి. పాదములు కదలినచో వెన్నుపాము క్షేమమని ధైర్యము కలుగును.

అయినను సెన్సారు అంటినది చర్మమునకే గాని ఎముకకు గాదు, చర్మము జారును. కావున అది సలహాదారు మాత్రమే, నిర్ణయము వైద్యునిదే. ఒకసారి ఏకముగా అతుకుకొనిన పూసలు మరల కదలవు. నేలపై కూర్చుండి భుజించువానికి, పొలమున వంగి పనిచేయువానికి ఆ కదలికయే జీవనము. అందుచే శస్త్రచికిత్సకు ముందే "వెన్ను ఎంత తిన్ననగును?" అని మాత్రమే గాక, "పిదప ఎట్లు కూర్చుండవచ్చును, ఎంత వంగవచ్చును?" అనియు రోగియు, బంధువులును వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

స్వస్తి.