తీగ అల్లిన గొట్టం

పాత మోటారుకారు గల ఇంటివారికి ఒక వాసన పరిచయమే. తెల్లవారి షెడ్డు తలుపు తీయగానే గుప్పున పెట్రోలు వాసన వేస్తుంది. బానెట్టు ఎత్తి చూస్తే ఎక్కడా చుక్క కనిపించదు. కారినది కారినట్లే ఆవిరై పోతుంది. పంపు నుంచి కార్బురేటరుకు పోయే జానెడు రబ్బరు గొట్టాన్ని వంచి చూచినప్పుడు మాత్రం, చలికాలంలో పగిలిన మడమ వలె సన్నని నెఱ్ఱెలు బయటపడతాయి.

ఆ గొట్టాన్ని మార్చక తప్పదు. ఇటీవల మన దేశంలో దీనికి మరొక కారణం కూడ కలిసి వచ్చింది. పెట్రోలులో కలిపే ఇథనాలు పాలు 2025 నాటికి నూటికి 20కి చేరింది. వెనుకటి రకపు రబ్బరు కొన్ని చోట్ల దీనికి తాళలేదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తరువాత ఎండి పెళుసవుతుంది.

ఈ సందర్భంలో చాలమంది మనసు ఉక్కుతీగ అల్లిన గొట్టం మీదికి పోతుంది. పందెపు కార్లలో చూచి ముచ్చట పడినవారు కొందరైతే, ఉక్కు అనగానే ధైర్యం కలిగేవారు మరికొందరు. నేను రెండవ జాతికి చెందినవాడను. నా కారుకు అటువంటి గొట్టం వేయించి, నాలుగేళ్ళపాటు దానివైపు చూడనైనా లేదు. మళ్ళీ ఆ పాత వాసనే వచ్చింది. గొట్టం పైన వెండి పట్టెడ వలె మెరుస్తూనే ఉన్నది. విప్పి కోసి చూస్తే లోపలి రబ్బరు అప్పడం వలె విరిగింది. నెఱ్ఱెలను కంటికి కనబడకుండ దాచినది ఆ అల్లికే.

అసలు ఆ అల్లిక చేసే పని ఏమిటి? లోపలి ఒత్తిడికి గొట్టం ఉబ్బకుండ పట్టి ఉంచుతుంది. బయటి ఒరిపిడి నుంచి కాపాడుతుంది. పెట్రోలును ఆపేది మాత్రం అది కాదు, లోపలి పొర. కార్బురేటరు కారులో పంపు ఒత్తిడి చదరపు అంగుళానికి కొద్ది పౌన్లే. దానికి ఉక్కు కవచం అక్కరలేదు. ఇథనాలుకు తట్టుకొనే లోపలి పొర గల మంచి రబ్బరు గొట్టం చాలును. పగిలితే కంటికి కనిపిస్తుంది కూడ.

అల్లిక గొట్టమే కావాలనుకొనేవారు లోపలి పొర ఏమిటో మొదట అడగాలి. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ కనుగొన్న పి.టి.ఎఫ్.ఇ. అనే పదార్థం పెట్రోలుకూ ఇథనాలుకూ కూడ లొంగదు. అయితే ఇది విద్యుత్తును ప్రసరింపనీయదు. పెట్రోలు పారేటప్పుడు పుట్టే స్థిరవిద్యుత్తు లోపల పోగుపడి, పొరకు సూదిమొన యంత రంధ్రం చేయగలదు. అందుచేత కర్బనం కలిపిన నల్లని పొర గలదానినే పెట్రోలుకు ఎంచుకోవాలి. రబ్బరు గొట్టానికి చేసిన ఫిట్టింగులు దీనికి పనికిరావు. దీని ఫిట్టింగులో పొరకూ అల్లికకూ నడుమ ఒక చిన్న ఉంగరం కూర్చుంటుంది.

ఫిట్టింగుల విషయం వేరే చెప్పవలసి ఉన్నది. వీటిని ఏ.ఎన్. అంటారు, అనగా ఆర్మీ-నేవీ; అమెరికా సైనిక విమానాల కోసం ఏర్పరచిన కొలతలు. 6 అనే అంకె అంగుళంలో పదహారింట ఆరు పాళ్ళను, అనగా సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లను తెలుపుతుంది. అది మొదట లోహపు గొట్టం వెలుపలి కొలత. కనుక రబ్బరు గొట్టం లోపలి రంధ్రం సరిగా అంతే ఉండదు. వీటి కొస 37 డిగ్రీల వాలుతో ఉంటుంది. మోటార్లలో 45 డిగ్రీల వాలు గలవి కూడ ఉన్నవి. చిక్కు ఎక్కడ అంటే, 4, 5, 8 వంటి కొన్ని సైజులలో ఈ రెండింటి మరచుట్లు ఒకటే. ఒకదానిలో ఒకటి హాయిగా ఎక్కుతాయి, బిగుసుకుంటాయి, కారుతాయి. కారినదని మరచుట్లకు తెల్లటేపు చుట్టే మేస్త్రీలు కలరు. ఈ అతుకును కాపాడేది మరచుట్లు కావు, ఒకదానిపై ఒకటి ఒదిగే రెండు వాలులు. టేపు వలన లాభం లేదు సరికదా, దాని పీలిక ఊడి కార్బురేటరు రంధ్రంలో అడ్డుపడవచ్చును.

గొట్టం కోసేటప్పుడు ఆ చోట టేపు గట్టిగా చుట్టి, సన్నని పళ్ళ రంపంతో కోయాలి. లేకున్న తీగలు విచ్చుకొని వేళ్ళలో దిగుతాయి. లోపలి పొడిని శుభ్రంగా కడిగి వేయాలి. అల్యూమినియం ఫిట్టింగులు మెత్తనివి. పానా మీద బలం చూపరాదు.

బిగించిన తరువాత గొట్టం దేనినీ ఒరుసుకొనకుండ చూడాలి. ఉక్కు అల్లిక ఆకురాయి వంటిది. ఇంజను అదురుకు పక్కనున్న వైర్లనూ, అల్యూమినియం భాగాలనూ అరగదీస్తుంది. బ్యాటరీ కొసకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఇంజను కదులుతుంది కనుక గొట్టాన్ని కొంచెం వదులుగానే ఉంచాలి, మెలిక పడనీయరాదు. బ్రేకు గొట్టాలను మాత్రం ఇంట్లో తయారుచేయవద్దు. కర్మాగారంలో కొసలు బిగించి, ఒత్తిడి పరీక్ష జరిపినవే కొనాలి.

తొలిసారి ఇంజను నడిపేటప్పుడు షెడ్డు వెలుపల, నిప్పు దరిదాపుల లేనిచోట నడపాలి. నిప్పునార్పే సిలిండరు చేతికి అందేటట్లు ఉండాలి. ఇంజను ఆపి, ప్రతి అతుకు చుట్టూ పొడి కాగితం ఒత్తి చూస్తే తడి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. నా కారుకు మళ్ళీ రబ్బరు గొట్టమే వేయించాను. వేసిన తేదీని బానెట్టు లోపలివైపున రంగుతో వ్రాయించాను.