అయ్యగారి ఉద్యోగానికి పోతే అడిగిన ప్రశ్నలు

(పల్లె బోధకుల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దైవసేవకు పిలుపుంటే చాలు, ఇంటర్వ్యూ ఎందుకని అంటారు. పిలుపు దేవుడిదే కావచ్చు. జీతం ఇచ్చేది మాత్రం కమిటీ. ఆ కమిటీ ముందు మన పిల్లలు చేతులు కట్టుకొని ఏమేం ప్రశ్నలు వింటున్నారో బయట ఎవరూ మాట్లాడరు. నాలుగేళ్లు తిరిగి నేను విన్నవి కొన్ని చెబుతాను.

ముందు పాత సంగతి ఒకటి. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తోళ్ల వ్యాపారం చేసేవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనకు వేదాంత పట్టా లేదు. తోళ్ల బేరానికి తిరిగిన ఊళ్లల్లోనే సువార్త చెప్పుకుంటూ పోయాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే అందరూ క్లౌ దొర పేరే చెబుతారు. ఆ పల్లెలన్నీ కాళ్లరిగేలా తిరిగింది పేరయ్య లాంటి మన బోధకులు. అట్లా పుట్టిన సంఘాల్లో ఇప్పుడు మన పిల్లోడు ఉద్యోగం అడిగితే ఏమవుతోంది?

1993లో బి.డి. ముగించి మొదటి ఇంటర్వ్యూకు పోయాను. బల్ల అవతల ఏడుగురు కూర్చున్నారు. రోమా పత్రిక మీద అడుగుతారని రాత్రంతా చదివాను. "ఏ ఊరు బాబూ?" అన్నారు. చెప్పాను. "ఇంటిపేరు?" చెప్పాను. "ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?" పౌలు గురించి ఒక్క ముక్క లేదు. చివరికి ఒకాయన గొంతు తగ్గించి, "ఆ పాస్టరేటులో అంతా మావాళ్లేనయ్యా. నిన్ను అయ్యగారూ అని పిలవాలంటే వాళ్లకు కష్టం" అన్నాడు. ఆయనా దళితుడే! అగ్రకులపాయన అంటే కోపమొస్తుంది, పోట్లాడతాం. మాల మాదిగనూ, మాదిగ మాలనూ ఇట్లా అంటే ఏం చెయ్యాలి? అక్కడ నవ్వొచ్చింది. బస్సెక్కినాక ఏడుపొచ్చింది.

ఇంకోచోట ఆస్పత్రిలో రోగుల దగ్గర ప్రార్థన చేసే పని. "కుల సర్టిఫికెట్టు ఏది తెచ్చావు, ఎస్సీదా, బీసీ-సీ దా?" అన్నారు. ఇది ఉరి లాంటి ప్రశ్న. ఎస్సీ అంటే "అయితే నువ్వు క్రైస్తవుడివి కాదుగా" అంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సీ, ఒక్క శాతం. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది గానీ మూడో పేరా అట్లాగే ఉంది. సర్కారేమో నువ్వు ఎస్సీవి కాదు పొమ్మంటుంది. గుడి కమిటీ మాత్రం ఇల్లు ఎటువైపని అడుగుతుంది!

ఒక పెద్ద ప్రార్థనా మందిరానికి కూడా పోయాను. స్థాపకులవారు కారు దిగి, ఆదివారానికి ఎంతమందిని తెస్తావన్నారు. "జీతం ఎంతండీ?" అన్నాను. "విశ్వాసంతో బతకాలి బ్రదర్" అన్నారు. ఆయన కారు డ్రైవరుకు నెలజీతం ఉంది. బయటికొచ్చి కనుక్కున్నాను.

నాలుగోచోట ప్రశ్నలన్నీ మా ఇంటామె మీదే. పాటలు పాడుతుందా? సండే స్కూలు చూస్తుందా? స్త్రీల సమాజం నడుపుతుందా? వచ్చినవాళ్లకు వండి పెడుతుందా? "అన్నీ చేస్తుందండీ, ఆమెకు జీతమెంత?" అన్నాను. ఒక్కరూ తలెత్తలేదు. మన ఇళ్లల్లో అమ్మగారు అని పిలిపించుకుంటూ ఒక జీతం మీద ఇద్దరి చాకిరీ చేసే ఆడవాళ్లు ఎంతమందో లెక్కే లేదు. చెల్లెళ్లారా, ఈ మాట మీరు గట్టిగా అడగాలి.

ఆఖరుకి పని దొరికింది పల్లెలో, వేపచెట్టు కింద. సంఘపెద్దలు పట్టా చూసి పక్కనబెట్టారు. ఒక ముసలమ్మ లేచి అడిగింది: "అయ్యా, మా పల్లెలో సావైతే అద్దరేత్రయినా వస్తావా? ఊళ్లోవాళ్లు మా పిల్లోణ్ణి కొడితే టేషను దాకా మాతో నడుస్తావా, ప్రార్థన చేసి పంపిస్తావా?" నడుస్తానన్నాను. నెలకు 400 రూపాయలు, పంటకు రెండు బస్తాల వడ్లు అని తెల్లకాగితం మీద రాసి వేలిముద్రలేశారు. ఆ రెండు బస్తాలు కరువు ఏడాది కూడా ఆగలేదు. పదకొండేళ్లు అక్కడున్నాను. టేషనుకు ఆరుసార్లు నడిచాం.

మన పిల్లలకు నేను కోరేది ఇదే. జీతం కాగితం మీద రాయించుకోండి. ఇంటామెతో పని చేయించుకునేదుంటే ఆమెకూ రాయమనండి. ఇంటిపేరు, ఇంటి దిక్కు అడిగితే "ఈ ప్రశ్న మినిట్సులో రాయండి" అనండి. రాయరు. కానీ రెండోసారి అడగడానికి జంకుతారు. మీరు విన్న ప్రశ్నలు తేదీతో సహా రాసి మాకు పంపండి. పోస్టుకార్డు అయినా చాలు. మీ పేరు బయటపెట్టం. అవన్నీ కలిపి బిషప్పుల ముందు పెడతాం.