యుద్ధానంతరము మిగిలినదేమి?



 

భారతకథ అనగానే మనకు జూదము, రాయబారము, గీతోపదేశము, పద్దెనిమిది దినముల యుద్ధము గుర్తునకు వచ్చును. దుర్యోధనుని తొడలు విరిగిన ఘట్టము వినగానే కథ ముగిసినదని తలచి పలువురు లేచి ఇండ్లకు పోవుదురు. వ్యాసభగవానుడు మాత్రము అచట ఆగలేదు. సౌప్తికపర్వము ముగిసిన పిదప ఇంకను ఎనిమిది పర్వములు చెప్పెను. అన్నింటిలో మిక్కిలి పెద్దది యుద్ధపర్వము కాదు, శాంతిపర్వము. గెలుచుట ఎట్లో చెప్పుటకంటె, గెలిచినవాడు ఆ పిమ్మట బ్రదుకుట ఎట్లో చెప్పుటయే మహర్షికి ముఖ్యమని దీనివలన మనము గ్రహింపవలెను.

పాండవులవి ఏడు, కౌరవులవి పదునొకండు, వెరసి 18 అక్షౌహిణుల సేన కురుక్షేత్రమున చేరినది. తుదకు మిగిలినవారెందరు? ఇటు పాండవులు అయిదుగురు, శ్రీకృష్ణుడు, సాత్యకి, ధర్మపక్షమునకు వచ్చిన యుయుత్సుడు. అటు అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. వ్రేళ్ళపై లెక్కింపదగినంత మంది! విజయము లభించిన ఆ రాత్రియే ద్రౌపది కుమారులైదుగురు నిద్రలోనే హతులైరి. తెల్లవారునప్పటికి గెలిచిన తల్లి ఒడియు, ఓడిన తల్లి ఒడియు ఒక్కతీరుగా శూన్యమైనవి. పిదప తర్పణములు విడుచు వేళ కుంతీదేవి నోరు విప్పి, కర్ణుడు మీ పెద్దన్న, వానికిని నీళ్ళు విడువుడని చెప్పెను. తాము చంపినది తోడబుట్టినవానినని ధర్మరాజునకు అప్పుడు తెలిసినది. ఆ క్షణమున ఆ విజయము ఆయనకు విషమైనది.

ఇది ద్వాపరయుగపు మాట, మనకేల అందురేమో! మన తెలుగునేలపై జరిగిన పలనాటి యుద్ధమును చూడుడు. పన్నెండవ శతాబ్ది చివరిపాదమున, 1182 ప్రాంతమున జరిగినదని పలువురి నిర్ణయము. అనుగురాజు కుమారులు నలగామరాజు, మలిదేవరాజు. తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. గురజాల ఒకరిది, మాచెర్ల వేరొకరిది. ఒకచోట నాయకురాలు నాగమ్మ, ఇంకొకచోట బ్రహ్మనాయుడు మంత్రాంగము నడపిరి. కోడిపందెమున ఓడిన మలిదేవాదులు ఏడేండ్లు దేశము విడిచి యుండవలసి వచ్చెను. గడువు తీరిన పిదప తమ భాగము తమకిమ్మని అలరాజును రాయబారమంపిరి. ఈ అలరాజెవరు? నలగామరాజు కూతురైన పేరిందేవి భర్త, ఆ ఇంటి అల్లుడు. ఆ రాయబారి విషప్రయోగమున మరణించెనని కథ. మాటతో తీరవలసినది అంతటితో కత్తికి చేరినది.

నేటి పల్నాడు జిల్లాలోని కారంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున సేనలు తలపడినవి. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు లేత ప్రాయముననే నేల కొరిగెను. ఒక్కొక్క ఇంటి దీపము ఆరిపోయినది. ఫలితమేమి? నలగామరాజునకు సింహాసనము దక్కినది. ఏలుటకు వీరులు, చెంత నిలుచుటకు బంధువులు మిగులలేదు. బ్రహ్మనాయుడు పగ తీర్చుకొనక నాగమ్మను క్షమించి, రాజ్యమును నలగామునికే విడిచి, గుత్తికొండ బిలమున తపస్సునకు వెడలెనని పెద్దలు చెప్పుదురు. నలగామునికి తోడు నిలిచిన వెలనాటి చోడులు సైతము బలము తరిగి క్షీణించిరి. కాలక్రమమున తీరాంధ్రము కాకతీయుల యేలుబడిలోనికి పోయెను. అన్నదమ్ములు కలహించిన పొలమున పంట కోసికొన్నది మూడవవాడు.

ఇట్టిదే మన నగరము చెంతను జరిగినది. 1707లో ఔరంగజేబు మరణించగా ఆయన కుమారులు సింహాసనమునకై పోరిరి. 1709 జనవరిలో ఈ హైదరాబాదు సమీపముననే బహదూర్ షా తన తమ్ముడైన కాంబక్షును ఓడించెను. కాంబక్షు ఆ గాయములతోనే కన్నుమూసెను. 1712లో బహదూర్ షా గతించినంతనే ఆయన కుమారులు నలుగురును అదే త్రోవ పట్టిరి. 1724 నాటికి దక్కను ఢిల్లీ చేతినుండి జారి అసఫ్‌జాహీల వశమైనది. మతమేదైనను, వంశమేదైనను అంతఃకలహపు ఫలము ఒక్కటే.

మరి అట్టి గాయము మానుటకు మార్గమేమి? ధర్మరాజు రాజ్యమొల్లనని అడవికి పోదలచెను. కృష్ణుడును, వ్యాసుడును, తమ్ములును ఆయనను వారించిరి. ఏడ్చి అడవికి పోయినచో చచ్చినవారు లేచి రారు. బ్రదికినవారి కన్నీరు ఎవరు తుడుతురు? అందుచే ఆయన పట్టాభిషిక్తుడై, ఇరుపక్షముల మృతులకును శ్రాద్ధములు జరిపించి, భర్తలను, బిడ్డలను పోగొట్టుకొన్న స్త్రీలను ఆదరించెను. నూర్గురు కొడుకులను కోల్పోయిన ధృతరాష్ట్రుని పదునైదేండ్లు తండ్రివలె కొలిచెను.

ఇచట ఒక సూక్ష్మము కలదు. అన్ని మర్యాదలు జరుగుచున్నను భీమసేనుడు మాత్రము పగ మరువలేదు. నీ కొడుకులను చంపిన చేతులివేయని ఆ వృద్ధుని చెవిని పడునట్లు భుజములు చరచుకొనెను. ఆ మాట తాళలేకయే ధృతరాష్ట్రుడు అడవికి పోయెను. కత్తి ఒరలో చేరిన పదునైదేండ్లకును నాలుక ఒరలో చేరలేదు! యుద్ధము నిజముగా ముగియునది కత్తి దించిన దినమున కాదు, దెప్పిపొడుపు మానిన దినమున.

భక్తులారా! మనకు అక్షౌహిణులు లేవు. కాని రెండు గజముల స్థలమునకై, గోడకై, ఆస్తి పంపకమునకై అన్నదమ్ములు కోర్టులకెక్కుట, ఒకరి ఇంట చావు జరిగినను రెండవవారు గడప త్రొక్కకుండుట మనము చూచుచునే యున్నాము. ఈ పాతబస్తీ పెద్దలు కర్ఫ్యూ దినములను ఎరుగుదురు. అట్టి వేళలలో కలహము రేపినవాని పొయ్యి ఆరదు. ఏ పూటకాపూట కూలి చేసికొనువాని పొయ్యియే ఆరును. కనుక తగవు రాయబారపు దశలో ఉన్నప్పుడే తీర్చుకొనుడు. గెలిచినవాడే ముందుగా ఓడినవాని గడప త్రొక్కవలెను. తీరిన తగవును మరల నోట పలుకరాదు.

పలనాటి యుద్ధము మిగిల్చిన ఒక వెలుగును తలచుకొని ముగింతుము. బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెను. అదియే చాపకూడు. దళితుడైన కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానాయకుని చేసెను. నేటికిని కారంపూడి వీరుల గుడిలో కార్తీక అమావాస్య మొదలు అయిదు దినములు ఉత్సవము జరుగును. మందపోరు నాడు చాపకూడు పెట్టుదురు. ఆ సింహాసనమెక్కడనో ఎవరికిని తెలియదు. ఆ చాప మాత్రము ఇంకను పరచియే యున్నది.

మన అమ్మవారికి సమర్పించు బోనము కూడ అన్నమే కదా! ఈ యేడు బోనమెత్తునాడు మాట మానిన అన్ననో, తమ్ముని కుటుంబమునో పిలిచి, ఆ ప్రసాదమును ఒక్క చాపపై కూర్చుండి భుజింపుడు. అంతకు మించిన శాంతిపర్వ పారాయణము లేదని మా విశ్వాసము. అమ్మవారు మనకందరికి అట్టి సద్బుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.