తెలుగునకు తోబుట్టువు: కోయభాష



మా తొర్రూరు వరంగల్లు నుండి ఖమ్మము పోవు బాటమీది యూరు. ఇచ్చటి అంగడిలో తెలుగుతోపాటు తండాలవారి లంబాడీమాటయు చెవిని బడుచుండును. ఇదే మహబూబాబాదు జిల్లాలో ఈశాన్యముగా కొత్తగూడ, గంగారము అడవులకు పోయినచో మూడవమాట యొకటి వినవచ్చును. అది కోయ. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

కోయమాట లిపిలేనిదనియు, చెడిన తెలుగనియు పలువురు తలచుచుందురు. ఈ తలంపు సరికాదు. లంబాడీ రాజస్థానపు భాషలకు చుట్టము. కోయ యట్లుగాక తెలుగు ఇంటిదే. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు ధాతువులనుగూర్చి ప్రకటించిన గ్రంథమున, తెలుగునకు మిక్కిలి దగ్గరివి తమిళ కన్నడములు గావనియు, గోండి, కొండ, కుయి మొదలగు భాషలే యనియు నిరూపించిరి. కోయ గోండిలోని శాఖ. పారెడు వాగును మనము ఏరందుము. కోయలు త్రాగెడు నీటినే ఏరందురు. అక్కచెల్లెండ్రకు పోలిక యుండుట సహజము గదా! అంతమాత్రమున చెల్లెలు అక్కకు నీడ కానేరదు. కోయకు తనదగు వ్యాకరణము గలదు. గోదావరియొడ్డున నుండు గొమ్ముకోయల భాషకు స్టీఫెన్ టైలరు 1969లో వ్యాకరణము ప్రకటించెను.

వ్రాతలేని భాషను పరిశోధించుట యెట్లు? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి దారి చూపిరి. సవరలతో మాటలాడియే సవరభాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. అంతకు నూరేండ్లకు ముందే ఫిన్లాండు దేశమున ఏలియాస్ లోన్‌రోట్ అను వైద్యుడు కరేలియా పల్లెలు తిరిగి, చదువురాని గాయకుల పాటలు వ్రాసికొని, 1835లో కలేవాల యను కావ్యముగా కూర్చెను. కరేలియాభాష ఫిన్నిషుభాషకు తోబుట్టువు. ఫిన్నులు తమ పూర్వుల సంపదను ఆ తోబుట్టువు నింటనే కనుగొనిరి.

మన కోయలకును అట్టి సంపద గలదు. డోలివారు బొమ్మలు గల గుడ్డపడిగెలను చూపుచు, గట్టుల పుట్టుకను, అనగా గోత్రముల కథలను, గానము చేయుదురు. రెండేండ్లకొకసారి మాఘపౌర్ణమికి సమ్మక్క సారలమ్మల దర్శనమునకై మేడారము పోవు లక్షలాది జనులలో, ఆ తల్లుల కథను డోలివారి నోట విన్నవారెందరు?

పడిగె చినిగినచో మరల వ్రాయించుకొనవచ్చును. పాడువాడు నేర్పకయే గతించినచో పాటను తెచ్చుట యెవరి తరము? ఇంటిమాట పలికిన పిల్లవానిని బడిలో తోడివారు నవ్వినచో, వాడు మరల నా మాట నెత్తడు. భాష నశించుట అచ్చటనే మొదలగును.

కావున పెద్దలకు నా మనవి యిది. అంగడిలోగాని, బడిలోగాని యే బిడ్డ మాటను గేలిచేయనీయకుడు. కోయపల్లెలతో రాకపోకలు గలవారు, అక్షరము వచ్చిన కోయయువకులచేత ముసలివారి మాటలను తెలుగులిపిలో వ్రాయింపుడు. చెట్లపేర్లు, చుట్టరికములు, విత్తనాల పండుగ పాటలు, ఏది యైనను మేలే. చెప్పినవారి యనుమతి గైకొని, వారి పేరును, ఊరును, తేదీని క్రింద వ్రాయుట మరువరాదు. రేపటి పరిశోధకునకు అట్టి పుస్తక మొక్కటి చిక్కినను, కోయల చరిత్రయే గాక మన తెలుగు పుట్టుకయు మరికొంత తేటపడును.