సైంధవము దెమ్మనిన నేమి తేవలయును?



భోజనమునకు గూర్చున్న యజమానుడు “సైంధవము దెమ్ము” అనిన సేవకుడు ఉప్పు తేవలయును; ప్రయాణమునకు లేచి ఆ మాటయే యనిన గుఱ్ఱమును తేవలయును. ఆ శబ్దమునకు రెండర్థములును గలవు. గురువులు శబ్దార్థవిచారమున జెప్పెడి యీ యుదాహరణము నేడు దిల్‌సుఖ్‌నగరులోని కంప్యూటరు శిక్షణాలయములను జూచినపుడు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

అచ్చట యువకులు కృత్రిమ మేధ నభ్యసించుచున్నారు. అందు ఏజెంటనగా మనము చెప్పిన పనిని తానే చక్కబెట్టు యంత్రసేవకుడు. వేళలు విచారించుటకు, టిక్కెట్టు కొనుటకు, సొమ్ము చెల్లించుటకు వానికి పనిముట్లిత్తురు. ప్రతి పనిముట్టునకును ఒక పేరును, కొన్ని వాక్యముల వివరణమును ఉండును. పనిముట్టు లోపల నేమున్నదో సేవకుడు సాధారణముగా జూడడు. వివరణమును జదివియే యేది యెప్పుడు వాడవలయునో నిర్ణయించుకొనును. ఇట్లు పనిముట్లను ఒకే తీరున నందించుటకు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతి 2024 నవంబరులో వెలువడినది.

ఒక్క నిదర్శనము. దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి.నగరునకు 2018 సెప్టెంబరు మొదలు మెట్రోరైలు నడచుచున్నది. ఆ దారినే సిటీబస్సులును బోవును. విజయవాడకు బోవు బస్సులును ఎల్.బి.నగరులో నాగును. పనిముట్టు వివరణము “బండి వేళ తెలుపును” అని మాత్రమే యున్నచో, ఏ బండి? ఊరికి మరలవలసిన ముదుసలికి సేవకుడు రైలు వేళ జెప్పగా, ఆఖరి బస్సు దాటిపోవచ్చును. టిక్కెట్టు కొను పనిముట్టునకు “టిక్కెట్టు చూచును” అని వ్రాసినచో సొమ్మే పోవును.

కావున నిట్లు వ్రాయవలయును: “ఇది మెట్రోరైలు వచ్చు వేళను మాత్రమే తెలుపును. బస్సులకు దీనిని వాడరాదు. వానికి బస్సు వేళల పనిముట్టు గలదు. ఎక్కు స్టేషను, దిగు స్టేషను పేర్లీయవలయును. రైలు లేనిచో ‘లేదు’ అని చెప్పును. టిక్కెట్టు కొనదు.” ఏమి చేయును, ఎప్పుడు వాడరాదు, ఏమి యీయవలయును, ఏమి మరల వచ్చును అను నాలుగు ప్రశ్నలకు నిందు సమాధానము గలదు. సొమ్ము వెచ్చించు పనిముట్టైనచో, ముందుగా యజమానుని యనుమతి గొనవలయునని యైదవ మాటయు జేర్పవలయును. తేదీ యడుగునపుడు దినము ముందో, మాసము ముందో తెలుపవలయును. 5-6 అనిన జూన్ అయిదా, మే ఆరా?

అట్లని గ్రంథము పెంచనక్కరలేదు. మన సూత్రములకు సంక్షేపమెంత ముఖ్యమో, సందేహము లేకుండుటయు నంత ముఖ్యము.

పెద్దలారా! మీ మనుమడు సెలవులకు వచ్చి యిట్టి పని చేయుచున్నాననినచో, తాను వ్రాసిన వివరణమును తెలుగున మీకు వినిపింపుమనుడు. మీకు సందేహము గలిగినచోట యంత్రసేవకునకును గలుగవచ్చును. నాటి సేవకునకు ఎదుట పఱచిన విస్తరియైన గనబడెను. ఈ సేవకునకు మనము చెప్పిన మాటయు, మనవాడు వ్రాసిన వాక్యమును దక్క వేఱు దారి లేదు. ఉప్పడిగిన గుఱ్ఱము వచ్చినచో, మొదట ఆ వాక్యమును దిద్దవలయును.