గేరుపెట్టె విప్పక ముందు
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసి, పిల్లల నృత్యాలు మొదలుకాబోయే వేళ కారు గేరుపెట్టెను గురించి మాట్లాడమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. కారణం లేకపోలేదు. ఇక్కడ ఉన్న చాలా కుటుంబాల వారికి మా నాన్నగారి పాత మెర్సిడెస్ బెంజ్ తెలుసు. మీ ఇండ్లలో కొందరు పెండ్లికూతుళ్లు ఎక్కిన బండి అది. దానిని తుక్కు క్రిందకు పంపబోయి ఎలా ఆగామో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం. మేమంటే అన్నదమ్ములం ఇద్దరం. మెకానిక్కులం కాము, తప్పు చేయబోయి నేర్చుకొన్నవారం.

మా తాతగారు సెంబావాంగ్ నౌకాస్థావరంలో పనిచేశారు. నాన్నగారు జురాంగ్‌లో ఓడల మరమ్మతు పనిలో జీవితం గడిపారు. 1988లో, జురాంగ్ ఈస్ట్‌లో రైలు స్టేషను తెరిచిన ఏడాదే, ఆయన 1983 నాటి ఈ బండిని రెండవ చేతి మీద కొన్నారు. “ఇంటి ముందుకు రైలు వచ్చాక కారు దేనికండీ?” అని అమ్మ నవ్వేది. 1990లో వాహన అర్హతా పత్రాల పద్ధతి వచ్చిన తరువాత ఈ దేశంలో పాత కారు ఉంచుకోవడం ఎంత బరువో మీకు తెలుసు. 35 ఏళ్ళు దాటిన బండ్లకు ప్రత్యేక పథకం ఉండబట్టి, ఏడాదికి 45 రోజులకు మించకుండా దానిని నడుపుకొంటున్నాము. అందులో ఒక రోజు ఉగాది. ఆనాడు అమ్మా నాన్నగార్లను సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు అందులోనే తీసుకొని వెళ్ళడం మా ఇంటి ఆనవాయితీ.

రెండేళ్ళ క్రిందట, పండుగకు నెల రోజుల ముందు, బండి మొరాయించింది. గేరు మారినప్పుడల్లా వెనుక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు. పై గేరు ఆలస్యంగా పడేది. ఉదయం స్టార్టు చేయగానే తెల్లని పొగ. ఒక వర్క్‌షాపు వారు ఒక చుట్టు నడిపి చూచి, “గేరుపెట్టె అరిగిపోయింది. దించి పూర్తిగా కట్టాలి. ఆ ఖర్చుకు బండి విలువ చాలదు, వదిలేయండి” అన్నారు. మేము తలలూపి వచ్చాము. కాగితాలు కూడా తీసి పెట్టాము. ఎనభై దాటిన నాన్నగారు ఒకే మాట అడిగారు: “ఒరేయ్, నూనె కడ్డీ బయటకు తీసి చూశారా?” చూడలేదు. వారూ చూడలేదు, మేమూ చూడలేదు. “నాడి పట్టకుండానే కోత పెడతారట్రా!” అన్నారాయన.

ఇక్కడ ఆటోమేటిక్ గేరుపెట్టె పనితీరును నాలుగు మాటలలో చెప్పాలి. రెండు ఫాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె ఉంటే అదే టార్క్ కన్వర్టర్. దానికి మూలమైన ఆలోచన జర్మనీకి చెందిన హెర్మన్ ఫోటింగర్‌ది. 1905లో ఆయన దానిని ఓడల కోసమే రూపొందించాడు. ఈ సంగతి నాన్నగారికి ఎంతో గర్వం. దాని వెనుక కోవెలలోని నవగ్రహాల వలె మధ్య ఒక పళ్ళచక్రం, చుట్టూ మరికొన్ని ఉంటాయి. వాటిలో ఏది తిరగాలో, ఏది ఆగాలో క్లచ్ పలకలూ, పట్టీలూ నిర్ణయిస్తాయి. ఆ పలకలను బిగించేది నూనె ఒత్తిడే. అంటే శక్తిని మోసేదీ, పలకలను బిగించేదీ, వేడిని తీసేదీ ఆ ఎర్రని నూనెయే. అందుకే పరీక్ష అక్కడ మొదలు కావాలి.

బండిని చదునైన నేల మీద నిలిపి, కాసేపు నడిపి వేడెక్కించి, ఇంజను ఆడుతూ ఉండగా, ‘పి’లో పెట్టి కడ్డీ తీయాలి. చేతి బ్రేకు వేసి ఉండాలి. నూలు పోగులు రాలని గుడ్డతో తుడవాలి. ఒక్క పోగు లోపల సన్నని దారిని మూయగలదు. ఇంజను ఆపి చూచినా, చల్లని బండిలో చూచినా లెక్క తప్పుతుంది. కడ్డీ మీది రెండు గీతల మధ్య తేడా సుమారు 0.3 లీటరు మాత్రమే. కాబట్టి ఎక్కువ పోయకండి. మితిమీరితే నూనె నురగ కడుతుంది, నురగకు ఒత్తిడి నిలవదు.

తరువాత రంగు, వాసన. ఎరుపు మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే పలకలు కాలినట్టు. పాలు కలిపినట్టు గులాబిరంగుగా ఉంటే రేడియేటరులో నుంచి నీరు చేరినట్టు. అప్పుడు బండిని కదపకండి. మాది ఎర్రగానే ఉన్నది, కాని మట్టం తక్కువ. రాత్రి బండి క్రింద అట్ట పరిచాము. తెల్లవారి చూస్తే ఒక్క చుక్క లేదు.

మరి నూనె ఎక్కడికి పోతున్నట్టు? నాన్నగారు కుర్చీలో కూర్చునే, “పొగ సంగతి మరచిపోయారా?” అన్నారు. గేరుపెట్టె ప్రక్కన మాడ్యులేటరు అనే చిన్న డబ్బీ ఉంటుంది. ఇంజను నుంచి సన్నని గొట్టం ద్వారా దానికి వాక్యూము అందుతుంది. కాలు తేలికగా వేస్తే వాక్యూము ఎక్కువ, గేరు మెత్తగా పడుతుంది. కాలు గట్టిగా తొక్కితే వాక్యూము తగ్గి, నూనె ఒత్తిడి పెరిగి, గేరు గట్టిగా పడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్నది రబ్బరు పొర. ఆ గొట్టం ఊడదీస్తే లోపల ఎర్రని తడి! పొర చిరిగింది. చిరుగులో నుంచి ఇంజను నూనెను పీల్చి కాల్చుతున్నది, అదే తెల్లపొగ. వాక్యూము నిలవక, డ్రైవరు గట్టిగా తొక్కుతున్నాడని గేరుపెట్టె అనుకొంటున్నది; అదే కుదుపు, అదే ఆలస్యం. మూడు జబ్బులకూ మూలం ఒక్క చిరుగు. తప్పు కట్టినవారిది కాదు. నలభై ఏళ్ళ రబ్బరుది.

తో గువాన్ రోడ్డు వైపున్న మరొక వర్క్‌షాపులో లిఫ్టు మీద పని చేయించాము. మాడ్యులేటరు మార్చారు. చేతిపంపుతో వాక్యూము ఇచ్చి, ముల్లు దిగకుండా నిలిచిందని చూపించారు. గొట్టం చివర బీటవారిన రబ్బరు మోచేతిని కూడా మార్చారు. నూనె, ఫిల్టరు, గాస్కెట్టు కొత్తవి వేశారు. ఈ తరహా బండ్లలో కన్వర్టరుకు వేరే బిరడా ఉంటుంది. దానిని కూడా విప్పకపోతే పాత నూనె చాలా వరకు లోపలనే ఉండిపోతుంది. అడుగు పళ్లెంలో సన్నని బూడిదరంగు మడ్డి కనిపించింది. అది వయసుకు సహజం. లోహపు ముక్కలు ఉంటే కథ వేరు.

మేము చేయబోయిన మరొక తప్పు కూడా చెప్పాలి. కుదుపు తగ్గుతుందని ఒత్తిడి మరను తిప్పుదామనుకొన్నాము. అలా చేస్తే చిరుగు అలాగే ఉండి, దాని గుర్తు మాత్రం మాయమయ్యేది. ముందు కొలవండి, తరువాత తిప్పండి.

అన్ని జబ్బులూ ఇంత తేలికవి కావు. ఇంజను గర్జించినా బండి కదలకపోతే, రివర్సు పడి ముందుకు మాత్రం పోకపోతే, పళ్లెంలో లోహం రాలితే, పెట్టె విప్పక తప్పదు. అటువంటి బండిని త్రాడు కట్టి లాగకండి. ఇంజను ఆడనిదే లోపలి నూనె పంపు తిరగదు. వెనుక చక్రాలతో నడిచే బండి అయితే ఆ చక్రాలను పైకెత్తించి, లేదా పూర్తిగా లారీ మీద ఎక్కించి తీసుకొని వెళ్ళాలి.

ఆ ఉగాదికి బండి కోవెలకు వెళ్ళింది. దారిలో నాన్నగారు కండ్లు మూసుకొని కూర్చున్నారు. నిద్రపోతున్నారనుకొన్నాము. “మూడు... ఇప్పుడు నాలుగు” అని మెల్లగా అన్నారు. గేర్లు లెక్కపెడుతున్నారు! కుదుపు లేదు, చెవితోనే తెలుసుకొంటున్నారు. వెనుక సీటులో మా పిల్లలు కూడా కండ్లు మూసుకొని తాతగారితో పాటు తెలుగులో లెక్కపెట్టారు. అమ్మ మాత్రం రైలులో అయితే ఈపాటికి చేరేవాళ్ళమని అన్నది.

మీ ఇండ్లలో కూడా పాత బండ్లు ఉంటే, పెద్ద మాట విన్న వెంటనే కాగితాలు తీయకండి. ముందు కడ్డీ తీయండి. పండుగ తరువాత ఏ ఆదివారమైనా మా ఇంటికి తీసుకొని రండి. పరీక్ష మేము చేస్తాము. తీర్పు నాన్నగారు చెబుతారు.

 పిల్లలు గజ్జెలు కట్టుకొని ఎదురుచూస్తున్నారు గనుక సెలవు తీసుకొంటున్నాము.